ఒక్క జాన తేడా

మొన్న ఆదివారం మా ఆట బల్ల దగ్గరికి కొత్తగా ఒకాయన వచ్చి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చే నియమాల కాగితం ఆయనకీ ఇచ్చాం. ఒక పక్క జర్మన్, ఒక పక్క తెలుగు. ఆయన జర్మన్ పక్క రెండుసార్లు చదివి ఒక చోట వేలు పెట్టి ఆగాడు.

"ఆయుధం పొడుగుని బట్టి కాచుకునే అంకె మారుతుందని ఉంది. అచ్చు పుస్తకంలో ఇది లేదు కదా. ఎవరు రాశారు?"

"అక్క రాసింది," అన్నాడు యోనాస్.

యోనాస్ ఇక్కడివాడే, పక్కా బవేరియా మనిషి. మా ఆటలో అందరికన్నా పాతవాడు. చాలాకాలం 'అక్క' అన్నది ఆవిడ పేరే అనుకున్నాడు. కాదని నేను చెప్పాక కూడా మార్చుకోలేదు. ఇక్కడ నేనూ ఆ పేరే వాడతాను. అసలు పేరు రాస్తే ఆవిడ ఒప్పుకోదు.

"ఈ రోజు రాలేదా ఆవిడ?"

"లేదండీ. పోయిన జనవరిలో చనిపోయింది," అన్నాను.

ఆయన కాగితం మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. కాసేపటికి ఆట మొదలైంది. ఆ పూట నేను రెండు లెక్కలు తప్పు చేశాను. 

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురైదుగురం కూర్చుంటాం. ఒక్కొక్కరం ఒక్కో కల్పిత మనిషిగా మాట్లాడతాం. కథ నడిపేది ఒకరు. దారికి అడ్డంగా దొంగలు నిలబడ్డారు, ఇప్పుడేం చేస్తారు అని వాళ్ళు అడుగుతారు. మాటలతో తేలనిది పాచికలు తేలుస్తాయి. కత్తులు దూస్తే కొట్టేవాళ్ళు ఇరవై ముఖాల పాచిక వేస్తారు, కాచుకునేవాళ్ళూ వేస్తారు. నీ కాచుకునే అంకె పన్నెండనుకో, పన్నెండో అంతకన్నా తక్కువో పడితే దెబ్బ తప్పినట్టు. మేం వాడే పుస్తకం ప్రకారం చేతిలో బాకు ఉన్నా బల్లెం ఉన్నా ఆ అంకె ఒక్కటే. అక్కకి గిట్టనిది సరిగ్గా అదే.

నేను జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చిన రెండో సెమిస్టర్‌లో ఆవిడ పరిచయం. నాది కరీంనగర్. ఆ చలికాలం నాతో గదిలో ఉండే అమ్మాయి ఇంటర్న్‌షిప్ దొరికి కొలోన్ వెళ్ళిపోయింది. ఆదివారం ఇక్కడ దుకాణాలన్నీ మూత. శనివారం సాయంత్రం సూపర్ మార్కెట్‌లో బిల్లు కొడుతూ 'షోనెస్ వోఖెనెండె', వారాంతం బాగా గడపండి, అని చెప్పిన అమ్మాయే ఆ రెండు రోజుల్లో నాతో మాట్లాడిన చివరి మనిషి అయిన వారాలున్నాయి. అప్పుడు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ చూశాను. 'ఆదివారం రెండింటికి ఆట. ఆట రాకపోయినా పర్లేదు. జర్మన్ రాకపోయినా పర్లేదు. మురీ మిక్చర్ ఉంటుంది.' నిజం చెప్పాలంటే నేను ఆ మరమరాల మిక్చర్ కోసం వెళ్ళాను.

మెసేజ్ పెట్టినవాళ్ళ అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో అందరూ వాడుకునే ఒక గది. మధ్యలో పొడుగు బల్ల. పొట్టిగా, జుట్టు కురచగా కత్తిరించుకున్న ఒకావిడ స్టీలు కంచంలో పాత తువ్వాలు ముక్క పరుస్తోంది. పాచికలు అందులో వెయ్యాలి. ఆదివారం చప్పుడైతే పైవాళ్ళు దిగొస్తారు.

"పేరేటి?" అంది తలెత్తకుండా.

నా పేరు చెప్పాను.

"నీది కాదమ్మా. నీ మనిషిది."

ఏం తోచక "నీలమ్మ" అన్నాను. మా అమ్మమ్మ పేరు అది. ఆవిడ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో నీలమ్మ అని రాసింది.

"నీలమ్మ చేతిలో ఏటుంది?"

"బాకు."

"సరే. కూకో."

అక్కది విజయనగరం. కార్ల విడిభాగాలు కొలిచే ల్యాబ్‌లో పని. వెంట్రుకలో సగం మందం తేడా వస్తే ఆ భాగం వెనక్కి పంపించే ఉద్యోగం. ఆ అలవాటు ఒంట్లోకి దిగిపోయింది. కుర్చీ బల్లకి సమంగా లేకపోతే కూర్చునేది కాదు. ఎవరైనా పోట్లాడుకుంటుంటే "ముందు కొలు, తర్వాత తిట్టు" అనేది. ఈ మాట ఆవిడ నోట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. అద్దెయింటి గొడవ చెప్పినా, ప్రొఫెసర్ మీద చాడీలు చెప్పినా అదే మాట. ముందు కొలు.

ఆటలో ఎవరి మనిషైనా చచ్చిపోయే పరిస్థితి వస్తే ఆ మాట తను అనేది కాదు. పాచిక ఏం పడిందో చూపించి ఊరుకునేది. ఆడేవాళ్ళే "పోయాడు" అనాలి. అప్పటిదాకా ఎంతసేపైనా ఆగేది. ఒకసారి యోనాస్ పావుగంట అననే లేదు. అక్క మురీలో ఉల్లిపాయలు కలుపుకుంటూ కూర్చుంది.

ఆ మొదటి ఆదివారం నీలమ్మ ఒక వంతెన దాటాలి. వంతెన మీద కాపలావాడు బల్లెం పట్టుకుని ఉన్నాడు. వాడు పొడిచాడు. నేను కాచుకోవడానికి పాచిక తీశాను. అక్క కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బాకుతో బల్లేన్ని ఎలాగ కాస్తావు?"

"పుస్తకంల పన్నెండని ఉందక్కా."

"పుస్తకం సంగతి తర్వాత. లెగు."

మూలనున్న తుడుపుకర్ర తీసుకోమని యోనాస్‌కి చెప్పింది. నా చేతిలో అప్పడాల కర్ర పెట్టమని ఇంకో అబ్బాయికి చెప్పింది. తను మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుంది. యోనాస్ మెల్లగా తుడుపుకర్ర ముందుకి చాపాడు. నేను అప్పడాల కర్రతో పక్కకి నెట్టాను. అతను మళ్ళీ చాపాడు. మూడోసారికి ఆ కొన వచ్చి నా భుజం మీద ఆగింది. అతను ఉన్నచోటి నుంచి కదల్లేదు. నా చెయ్యి అతని దరిదాపుల్లోకి కూడా పోలేదు.

"ఇప్పుడు దాన్ని పక్కకి తోస్తూనే లోపలికి ఒక్క అడుగెయ్యి. కొట్టకు. అడుగు ఒక్కటే," అంది అక్క.

వేశాను. యోనాస్ చేతిలో కర్ర మొత్తం నా వెనక ఉండిపోయింది. అతనికీ నాకూ మధ్య అప్పడాల కర్ర ఒక్కటే ఉంది. అతను నవ్వి రెండు చేతులూ పైకెత్తాడు.

ఆవిడ నియమం అంతే. ఆయుధాల పొడుగు జానల్లో లెక్క. దూరంగా ఉన్నప్పుడు, కొట్టేవాడి ఆయుధం నీ దానికన్నా ఎన్ని జానలు ఎక్కువైతే నీ కాచుకునే అంకెలో అన్ని తగ్గుతాయి. కాచుకుంటూనే, కొట్టే వంతు ఒకటి వదులుకుంటే లోపలికి అడుగు వెయ్యొచ్చు. లోపలికి వెళ్ళాక లెక్క తిరగబడుతుంది, పొడుగు ఆయుధం ఉన్నవాడికి తగ్గుతుంది. బల్లెం ఎనిమిది జానలు, బాకు ఒకటి. నీలమ్మకి పన్నెండులో ఏడు పోయి ఐదు మిగిలింది. పాచిక వేస్తే నాలుగు పడింది. ఆ నాలుగు చూసి నాకు కలిగినంత సంతోషం ఆ సెమిస్టర్‌లో నాకు దక్కిన ఏ మార్కులకీ కలగలేదు.

"పాచిక అబద్ధం చెప్పినా చెప్పొచ్చు. కర్ర చెప్పదు," అంది అక్క, నా వైపు మురీ గిన్నె జరుపుతూ.

తర్వాత నాలుగేళ్ళు దాదాపు ప్రతి ఆదివారం వెళ్ళాను. నా చదువైంది, ఇక్కడే ఉద్యోగం వచ్చింది, ఇక్కడ ఉండటానికి బ్లూ కార్డ్ వచ్చింది. ఆవిడ ఇల్లు నాకు అలవాటైంది. ఒక్కర్తే ఉండేది. పెళ్ళి సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ నాలుగేళ్ళలో కర్రలు పట్టి చూపించాల్సిన సందర్భాలు ఎన్నో వచ్చాయి. ప్రతిసారీ ఎవరో ఒకరి చేత పట్టించేది. పట్టు తప్పుగా ఉంటే దూరం నుంచే "బొటనవేలు కిందికి" అనేది. తను ఒక్కసారి ముట్టుకోలేదు. నేను అది గమనించాను కానీ, మేస్త్రీ ఇటుక మొయ్యడు కదా అనుకున్నాను.

ఆవిడ కోపం చూసింది ఒక్కసారే. యోనాస్ కొత్తగా ఒక పొడుగు కత్తి మనిషిని తయారుచేసుకున్నాడు. ఎదుటివాడి కత్తి అతని దానికన్నా ఒక్క జాన ఎక్కువ. కాచుకునే అంకెలో ఒకటి తగ్గించమంది అక్క. యోనాస్ ఆ పూట చిరాగ్గా ఉన్నాడు.

"ఒక్క జానకి కూడా తగ్గించాలా? ఆట నత్తనడక నడుస్తోంది. రెండు మూడు జానలు ఉంటే సరే. ఒక్క దానికి ఏమవుతుంది?" అన్నాడు జర్మన్‌లో.

అక్క లేచి నిలబడింది. ఆవిడ జర్మన్ మా అందరికన్నా మంచిది. ఆ రోజు మాత్రం అతనితో తెలుగులో మాట్లాడింది.

"ఒక్క జానా? ఒక్క జాన అంటే ఏటో నీకు తెలుసా? తెలుసా నీకు?"

గొంతు పెద్దది చెయ్యలేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా యోనాస్ పాలిపోయాడు. ఆవిడ బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్తే పెరట్లో సైకిళ్ళ దగ్గర నిలబడి ఉంది. కోటు లేదు. చేతులు చంకల్లో పెట్టుకుంది.

"ఏమైందక్కా? ఏదో ఆటనే కదా."

"అవును, ఆటే," అంది. "లోపలికెళ్ళు, జలుబు చేస్తాది. నేనొస్తాను," అంది.

వచ్చి యోనాస్‌కి క్షమాపణ చెప్పింది. ఒకటి తగ్గించమని మాత్రం మళ్ళీ చెప్పింది. అతను తగ్గించాడు.

ఆ తర్వాతి ఆగస్టులో అక్కకి పొట్టలో జబ్బు అని తేలింది. తేలేటప్పటికే ముదిరింది. ఇక్కడి వైద్యం కొంత, మ్యూనిక్‌లో కొంత. వైజాగ్‌లో ఉండే తమ్ముడు వచ్చి మూడు వారాలు ఉండి, సెలవు అయిపోయి వెళ్ళాడు. మ్యూనిక్ డాక్టరు టెర్మిన్ ఇచ్చిన రోజుల్లో నేను ఆఫీసులో ఇంటి నుంచి పని, హోమాఫీస్, అని రాయించుకుని ఆవిడతో రైల్లో వెళ్ళేదాన్ని. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేస్తున్నట్టు కూర్చునేదాన్ని. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో చూసుకునేది.

అక్టోబర్‌లో ఒక పొద్దున ఆ ఫోన్ నా వైపు తిరిగింది. వీడియో. లంగాలు ఎగ్గట్టి నడుముకి చున్నీలు బిగించిన ఆడపిల్లలు ఒక మట్టి నేల మీద కర్రసాము చేస్తున్నారు. వెనక గోడకి బ్యానర్, దాని మీద ఫోన్ నంబరు. ముందు నిలబడి చప్పట్లతో లెక్క కడుతున్న మనిషి నడివయసు ఆవిడ. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది.

"మీ ఊరేనా అక్కా?"

"మా తాత సాము నేర్పిన తాలింఖానా అది," అంది. "ఈ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అది గౌరి."

రైలు బీరులో వేసే హాప్స్ తోటల మధ్య నుంచి పోతోంది. కోత అయిపోయి, తీగలు లేని ఎత్తైన గుంజలు వరసగా నిలబడి ఉన్నాయి. అక్క వాటి వైపు చూస్తూ చెప్పింది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

"గౌరీ నేనూ ఒక్క ఈడు. పద్నాలుగేళ్ళప్పుడు ఊరి పండక్కి ప్రదర్శన. గెలిచినవాళ్ళు ఊరేగింపు ముందు నడవాలని తాత మా ఇద్దరికీ జోడీ కట్టాడు. ఎప్పుడూ గౌరే గెలిచేది. తాత మనవరాల్ని నేనైతే, గెలిచేది అది. కర్రలు నాలుగు మూరలు, అందరివీ సమానం. ఆ రోజు నేను గోడ మూలనున్న వేరే కర్ర తీసుకున్నాను. ఒక్క జాన ఎక్కువ."

"తాత చూడలేదా?"

"ఆ ఎక్కువ జానని పిడికిలి వెనక దాచి పట్టుకున్నాను. తాత నా కర్ర కొలిచి చూడలేదు. నా మీద నమ్మకం ఆయనకి."

కొంచెం నీళ్ళు తాగింది.

"గౌరి సరిగ్గానే కాసింది. దాని కాపులో తప్పు లేదు. నాలుగు మూరల కర్రకి ఎలాగ కాయాలో అలాగే కాసింది. కొట్టేముందు నేను పిడికిలి వెనక్కి జరిపాను. దాచిన ఆ జాన ముందుకొచ్చింది. కొన పోయి కంట్లో తగిలింది."

"ఎవరికన్న చెప్పినవా అక్కా?" అన్నాను.

"లేదు. ఆ కర్ర తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను. ప్రమాదం అన్నారంతా. మా అమ్మ, మా తాత, ఆఖరికి గౌరి వాళ్ళమ్మ కూడా నన్నే ఓదార్చారు. నువ్వేటి చేస్తావమ్మా, దాని తలరాత అలాగుంది అని నా తల నిమిరింది ఆవిడ. ఆ చెయ్యి నా తల మీద ఇంకా ఉంది."

తర్వాత ఆవిడ కర్ర ముట్టుకోలేదు. హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆ ఊరు వెళ్ళినా ఆ వీధికి వెళ్ళలేదు. తాత పోయినప్పుడు వెళ్ళి, గౌరి వచ్చే లోపల బయల్దేరిపోయింది.

"మరి ఈ ఆటెందుకక్కా? మళ్ళ అవే కర్రలు, అవే కత్తులు."

"ఇక్కడ కొట్టుకోవచ్చు. ఎవరికీ తగలదు," అంది. "కానీ లెక్క సరిగ్గా ఉండాలి. పుస్తకం రాసినవాడు ఏ కర్రకైనా కాపు ఒకటే అన్నాడు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. కాపు ఒకటే అయితే గౌరిది తప్పన్నమాట కదా. సరిగ్గా కాయలేదన్నమాట."

మ్యూనిక్ స్టేషన్ వచ్చేసింది. దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. అంత తేలికైన చెయ్యి అని అప్పుడే తెలిసింది.

రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం ఆట లేదు, ఆవిడకి ఓపిక లేదు. నేను వంట చేసి పెడుతుంటే సోఫాలోంచి పిలిచింది.

"ఆ వీడియోలో నంబరుకి చెయ్యి. నువ్వే మాట్లాడు. నాకు గొంతు రాదు."

వీడియో కాల్ చేశాను. గౌరి ఎత్తింది. నేనెవరో, ఎక్కడి నుంచో, ఎవరింట్లో ఉన్నానో చెప్పాను. గౌరి అంతా విని, "ఏదీ, దానికియ్యి," అంది.

ఫోన్ అక్క చేతికిచ్చాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత.

"ఏటే అలాగైపోయావు?" అంది గౌరి.

"ఆ రోజు నా కర్ర పొడుగుది. నేనే మార్చాను," అంది అక్క, పాఠం అప్పజెప్పినట్టు.

"తెలుసు."

అక్క ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"గోడ మూల కర్ర అది. దాని కణుపులు నాకు తెలీవా? నువ్వు పట్టుకొచ్చినప్పుడే చూశాను."

"చూసి మరెందుకు ఊరుకున్నావు? తాతకి చెప్తే ఆపేసేవాడు కదా."

"పొడుగు కర్ర పట్టుకున్నా నిన్ను గెలిచేస్తాననుకున్నాను. నాకూ పొగరే," అంది గౌరి. "అయితే నీ తప్పు నాకిచ్చెయ్యకు. నీది నీదే. నాది నాదే."

"నీకు నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. కన్ను గురించి కాదు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. కట్టు లేని కంటితో తలుపు వైపే చూశాను. ఊరంతా వచ్చింది. నువ్వు రాలేదు. చిన్నపిల్ల, భయపడిపోయుంటాదిలే అనుకున్నాను. ఇరవయ్యేళ్ళకీ రాలేదు. ముప్పయ్యేళ్ళకీ రాలేదు. మీ తాత శవం దగ్గరకి నేనొస్తున్నానని తెలిసి వెళ్ళిపోయావు. అది కోపం నాకు."

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేశాను. అక్క ఏడుపు అప్పుడు విన్నాను. ఆవిడ ఏడవడం నేను వినడం అదొక్కసారే. మ్యూనిక్ డాక్టరు ఇక ఎక్కువ కాలం లేదని చెప్పినప్పుడు కూడా ఆవిడ ఏడవలేదు. అటు నుంచి గౌరి ఊరుకోమని అనలేదు. ఫోన్ పెట్టెయ్యలేదు కూడా.

చాలాసేపటికి గౌరి గొంతు వినిపించింది. "తిన్నావా?"

"ఇంకా లేదు."

"తిను. రేపు చెయ్యి."

అక్కణ్ణించి రోజూ ఫోన్లు చేసుకున్నారు. తర్వాత ఆటలు రెండు మూడే జరిగాయి. ఒక ఆదివారం అక్క గౌరికి ఫోన్‌లో నియమాల కాగితం చదివి వినిపించింది. నేనూ యోనాస్ బల్ల దగ్గరున్నాం. గౌరి చివరిదాకా విని, "తప్పు," అంది.

అక్క అద్దాలు తీసేసింది. "ఏది తప్పు?"

"పొట్టి కత్తివాడు లోపలికొచ్చేస్తే పొడుగు కర్ర పని అయిపోయిందని రాశావు. ఎందుకైపోతాది? వెనక్కి లాగి మధ్యలో పట్టుకుంటే రెండు పొట్టి కర్రలు. మీ తాత నేర్పలేదా?"

"నేర్పాడు. కానీ పట్టు మార్చడానికి టైం పడతాది కదా."

"పడితే పడనీ. ఒక దెబ్బ టైం. ఆ దెబ్బకి ఓర్చుకుంటే మళ్ళీ కాచుకోవచ్చు."

"ఒకటి సరిపోదు. రెండు."

"నువ్వు పట్టక ముప్పయ్యేళ్ళయింది. నేను రోజూ పడుతున్నాను. ఒకటి."

అరగంట వాదించుకున్నారు. అక్క మొహంలోకి ఎక్కణ్ణించో కాస్త రంగు వచ్చింది. యోనాస్ ఏం జరుగుతోందని అడిగితే చెప్పాను. అతను చాలా గంభీరంగా, అనుభవం ఉన్నవాళ్ళ మాటే వినాలి అన్నాడు. అక్క అతని వైపు ఒక చూపు చూసి, కాగితం తీసుకుని, 'ఒక వంతు' అని రాసింది. ఆ అక్షరాలు వంకరగా పోయాయి. నేను మళ్ళీ రాస్తానంటే వద్దంది.

గౌరి ఇక్కడికి రావాలనుకుంది. పాస్‌పోర్ట్ లేదు. అక్క అక్కడికి వెళ్ళాలనుకుంది. విమానం ఎక్కే స్థితిలో లేదని డాక్టరు చెప్పాడు. ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారి మాట్లాడుకుని వదిలేశారు.

డిసెంబర్ చివర్లో ఆసుపత్రిలో చేరింది. తమ్ముడికి టికెట్ దొరికి బయల్దేరేలోపే జనవరిలో ఒక మంగళవారం పొద్దున్నే అయిపోయింది. ముందు రోజు నుంచి మాట లేదు. ఊపిరి తీసుకోవడం, ఆగడం, మళ్ళీ తీసుకోవడం. ఆ ఆగడం ఒకసారి ఎక్కువసేపైంది. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. నర్సు వచ్చి కిటికీ కొద్దిగా తెరిచింది. ప్రాణం బయటికి వెళ్ళడానికి ఇక్కడ అలా తెరుస్తారట.

కాగితాల పనులు మొదలయ్యాయి. తమ్ముడికి చెప్పాను, ఆఫీసుకి చెప్పాను. యోనాస్ వచ్చి కారిడార్‌లో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గౌరికి చెప్పడం ఒక్కటే వాయిదా వేస్తూ వచ్చాను. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. అక్కడ సాయంత్రం ఐదు, సాము వేళ. ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశాను.

ఆవిడ ఎత్తగానే వెనకాల కర్రలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. టక్, టక్, టక్. పిల్లల కేకలు. నేను "గౌరక్కా" అన్నాను. అంతకన్నా ఏమీ అనకముందే ఆవిడకి తెలిసిపోయింది.

"ఆపండే," అంది అటు తిరిగి.

చప్పుళ్ళు ఒక్కొక్కటిగా ఆగాయి. చివరి జోడీ ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగింది.

"ఎన్ని గంటలకి?"

"పొద్దుగాల ఆరున్నరకి."

"నొప్పి పడిందా?"

"లేదు. మందు ఇచ్చిన్రు."

"ఒక్కర్తే ఉందా?"

"నేనున్న."

దూరంగా ఎవరో పిల్ల ఏదో అడిగింది, ఇంకో పిల్ల ఉష్ అంది.

"మంచిదమ్మా," అంది చివరికి. "నువ్వున్నావు. మంచిది."

ఫోన్ ఎక్కడో గట్టు మీద పెట్టినట్టుంది, గొంతు దూరమైంది. "ఊఁ, కానీండి. కాళ్ళు దగ్గరగా పెట్టకండి," అంది పిల్లలతో. ఒక కర్ర తగిలింది, తర్వాత ఇంకోటి, తర్వాత అన్నీ అందుకున్నాయి. ఆవిడ ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోలేదని నాకు తెలుసు. నేనూ పెట్టెయ్యలేదు. ఆ చలిలో బెంచీ మీద కూర్చుని, వాళ్ళ సాము అయిపోయేదాకా విన్నాను.